తూటా కన్నా ముందు కాగితం

"ఒక్కో తూటాకి నాలుగు దిర్హములు మిగులు," అన్నాడు రత్నబాబు, నోట్లో చపాతీ నములుతూనే.

రత్నబాబు గల్ఫ్‌లో, ముసఫ్ఫా అనేచోట కార్ల విడిభాగాల గోడౌన్‌కి స్టోర్‌కీపరు. సెలవురోజున షూటింగ్ క్లబ్బుకెళ్లి, క్లబ్బువాళ్ల రైఫిల్‌తో పది తూటాలు పేల్చి, వాటి ఖరీదు తలుచుకుని వారమంతా కుమిలిపోయే రకం. ఈమధ్య యూట్యూబ్‌లో ఎవడో అమెరికావాడు పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఏరుకొచ్చి, మళ్లీ మందు కూరి ఇంట్లోనే తూటాలు చేసుకోవడం చూశాడు. అప్పట్నుంచీ మనిషి మనిషిలో లేడు.

"పెట్టుబడి ఎంతవుద్దండీ?" అడిగింది భార్య దయాకుమారి. ఆమె నర్సు. డ్యూటీ దిగొచ్చి, వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది.

"నొక్కే మిషను తొమ్మిదొందలు. అచ్చులు మూడొందలు. మందు తూచే త్రాసు రెండొందల యాభై. చిల్లరమల్లరా కలిపి రెండు వేలనుకో. అయిదొందల తూటాలు పేల్చామంటే పెట్టుబడి వచ్చేసినట్టే."

"మరి తుపాకీ?"

"అది తర్వాత సంగతి."

కారు కొనకుండా పెట్రోలు పోగేసే మనిషితో పదమూడేళ్లు కాపురం చేసింది దయాకుమారి. నిరుడు చేపలతొట్టె. అంతకుముందు కీబోర్డు. చేపలు చచ్చాయి, కీబోర్డు మీద తడిబట్టలు ఆరుతున్నాయి. ఆ ఇంట్లో అద్దె ఆమె కట్టాలి, కూతురు హెప్సీ స్కూలు ఫీజు ఆయన కట్టాలి. చేపలతొట్టె పుణ్యాన నిరుడు ఫీజు ఆలస్యమైంది. పరీక్షలు రాయనివ్వకుండా హెప్సీని రెండు రోజులు లైబ్రరీలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు, అన్నం మాత్రం ముట్టలేదు. దయాకుమారికి అదింకా గుండెల్లో కలుక్కుమంటూనే ఉంది.

అయినా ఆమె పోట్లాడలేదు.

"మంచిదే కదండీ," అంది. "కాకపోతే ఇది చేపలతొట్టె కాదు, తుపాకీ మందు. పర్మిషన్ లేకుండా ఇంట్లోకి తెచ్చారంటే జైలే. ముందు కాగితాలు చేయించుకోండి. అప్పటిదాకా ఒక్క మేకు కూడా కొనకండి. మా వార్డులో రహమత్‌బీ అని ఒకావిడ ఉండేది, నెల్రోజులు నేనే చూశాను. వాళ్లబ్బాయి నయీమ్‌ది టైపింగ్ సెంటరు, గవర్నమెంటు ఆఫీసులకి అర్జీలు అవీ వాళ్లే చేసిపెడతారు. కడపోళ్లు. నమ్మకస్తుడు."

రత్నబాబుకు కళ్లు చెమర్చాయి. పెళ్లయ్యాక తన సరదాకి భార్య ఊఁ అనడం అదే మొదలు.

గల్ఫ్‌లో పదహారేళ్లు గడిపినవాడికి దేవుడి తర్వాత స్టాంపు మీదే నమ్మకం. వీసాకో కాగితం, సిమ్ముకో కాగితం, ఆ కాగితం పోయిందని చెప్పడానికి ఇంకో కాగితం. కాబట్టి నయీమ్, "ముందు అరబీలో అర్జీ పెట్టాలన్నా, నాలుగొందలు," అంటే రత్నబాబు మారుమాట్లాడకుండా తీసిచ్చాడు.

రెండో నెల నయీమ్ పెదవి విరిచాడు. "అర్జీలో ఇంటిపేరు వెనకుంది, పాస్‌పోర్టులో ముందుంది. ఇద్దరూ ఒక్కడేనని అఫిడవిట్ కావాల. అయిదొందలు."

మూడో నెల, వంటగ్యాసుకీ తుపాకీ మందుకీ ఎంత ఎడముందో చూపే ఇంటి ప్లాను. ఏడొందలు.

నాలుగో నెల, భార్యకు అభ్యంతరం లేదని ఉత్తరం. పన్నెండొందలు.

"ఉత్తరానికి అంతెందుకు భాయ్?"

"భార్య ఒప్పుకుందంటే ఆఫీసులో ఎవరూ నమ్మరన్నా. అదే కష్టమైన కాగితం."

న్యాయంగానే తోచింది రత్నబాబుకి. దయాకుమారి ఆ ఉత్తరం మీద చదవకుండానే సంతకం పెట్టింది.

ఓవర్‌టైం పడ్డ మర్నాడే నయీమ్ నుంచి ఫోనొచ్చేది. 'వీడికున్న ముక్కు వేటకుక్కకి కూడా ఉండదు,' అనుకునేవాడు రత్నబాబు మెచ్చుకోలుగా. కాగితాల్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, స్టాంపు మాత్రం గుండ్రంగా, నీలంగా కంటికి ఇంపుగా ఉండేది. చర్చిలో 'ఒక పర్మిషన్ నిమిత్తం' అని ప్రార్థన మనవి కూడా పెట్టాడు. ఏం పర్మిషనో తెలియకుండానే సంఘమంతా ఆమేన్ అంది.

అదే నెలాఖర్లో స్కూలు నుంచి మెసేజి వచ్చింది. టర్ము ఫీజు రెండు వేల ఎనిమిది వందలు, రేపటిలోగా కట్టకపోతే పరీక్షల్లేవు.

రత్నబాబు బ్యాంకు యాప్ తెరిచాడు. అరవై రెండు దిర్హములున్నాయి.

హెప్సీ గుమ్మంలో నిలబడి, "డాడీ, ఈసారి లైబ్రరీకి ఏ పుస్తకం పట్టుకెళ్లను?" అని అడిగింది. ఎగతాళిక్కాదు. నిజంగానే అడిగింది.

రత్నబాబు గోడవైపు తిరిగి ఏడ్చేశాడు.

"గడ్డి తిన్నాను దయా," అన్నాడు. "ఒక్క తూటా చెయ్యకుండానే పిల్ల ఫీజంతా కాగితాలకి తగలేశాను. దేవుడి తోడు, మళ్లీ ఆ ఊసెత్తను. గోడౌన్లో ఎవర్నన్నా అప్పడుగుతాను."

"ఎవర్నీ అడగొద్దు. నేను చూసుకుంటాలెండి." ఆమె యూనిఫాం కూడా మార్చుకోకుండా చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?"

"నయీమ్ దగ్గరికి."

"గొడవేం పెట్టుకోకు. పాపం, చాలా తిరిగాడతను."

ఆమె లిఫ్టు దాకా వెళ్లింది. తలుపు సందులోంచి రత్నబాబు తల బయటికొచ్చింది.

"దయా, ఎలాగూ వెళ్తున్నావు కదా. పన్లో పని, మన ఫైలు ఎక్కడిదాకా వచ్చిందో కూడా కనుక్కో."

టైపింగ్ సెంటర్లో ఆమెను చూడగానే నయీమ్ లేచి నిలబడి, సొరుగులోంచి రబ్బరుబ్యాండు వేసిన నోట్లకట్ట తీసి ఆమె చేతిలో పెట్టి, "అన్న ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది సిస్టర్, వచ్చే టర్ముకి ఏం కాగితం అడగమంటారు?" అన్నాడు.