గని ఆగిన పూట

"బొగ్గుబాయి ఆగేదాక శవాన్ని లేపనియ్య," అంది కమ్లీ, ట్రాలీ ఆటోకు అడ్డంగా నిలబడి.

ఆటోలో తెల్లబట్ట కింద ఆమె మొగుడు రాంజీ. మొన్న భూపాలపల్లి బొగ్గుగనిలో డంపర్ కింద పడి పోయాడు. కాంట్రాక్టరేమో వాడు మా మనిషే కాదు పొమ్మన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! కమ్లీ శవాన్ని దవాఖాన నుంచి నేరుగా గని గేటుకే తెచ్చింది.

బాల్‌సింగ్ ఆమె పక్కన కూలబడ్డాడు. ఇద్దరిదీ మహబూబాబాద్ దగ్గర ఒకే తండా. ఒకప్పుడు అతను ఈ గనికి యూనియన్ లీడరు. రిటైరయ్యాక పొట్ట గడవక ఇక్కడే కాంట్రాక్టర్ కింద చేరాడు.

"కాకా, నువ్వు ఎర్రజెండ ఎత్తితే బాయంత ఆగేదని రాంజీ చెప్తుండె. ఒక్కపారి ఎత్తు."

"అప్పుడు అందరం ఒక్కటే బిడ్డా. ఇప్పుడు మట్టి తీసేటోడు ఒకడు, బండ్లు నడిపేటోడు ఒకడు. తీరొక్క కాంట్రాక్టరు. యూనియన్ అని నోరు తెరిస్తే తెల్లారి పనుండదు. ఎవడాగుతడు?"

"పైసలు అడుగుతున్ననా? ఒక్కపారి ఆగితే సాలు. రాంజీ ఈ బాయి మనిషేనని లోకానికి ఎరుకైతది."

గని ముఖమే ఎన్నడూ చూడని పిల్లకు ఏమని చెప్పాలి?

సూపర్‌వైజర్ విక్రమ్ వచ్చి బాల్‌సింగ్ చెవిలో గొణిగాడు. "అన్నా, పోలీసోళ్లు బయల్దేరిండ్రు. శవాన్ని గుంజుకపోతరు. జర సముదాయించు."

బాల్‌సింగ్ వాచీ చూసుకున్నాడు. రెండు కావస్తోంది.

"ఆగితే లేపుతవా బిడ్డా?"

"నా పిల్లల మీద ఒట్టు కాకా."

అతను మట్టిదిబ్బ ఎక్కాడు. నడుముకు దోపుకున్న ఎర్రజెండా తీసి పైకెత్తి విజిల్ ఊదాడు. ఒక డంపర్ ఆగింది. ఇంకోటి ఆగింది. మట్టి తోడే యంత్రాలు చప్పబడ్డాయి. జనమంతా గనిలోంచి బయటికి నడిచొచ్చారు. కమ్లీ ముందు నుంచి పోతూ ఒక్కరూ తలెత్తలేదు.

"చూసినవా రాంజీ! నీ కోసమే ఆగింది!" కమ్లీ శవం మీద పడి భోరుమంది. దిబ్బ మీది మనిషికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగేదాకా బాల్‌సింగ్ జెండా దించలేదు. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

రోజూ రెండింటికి, బండలు పేల్చే బ్లాస్టింగ్ ముందు గనిని ఖాళీ చేయించేందుకు, ఆ జెండా ఎత్తడమే అతని కొలువు.