నీడ పరిహారం

సర్కారువారి ఎండ ప్రోత్సాహకం ఖాతాలో పడిన సాయంత్రం ప్రతి డాబా మీదా సోలారు వేడినీళ్ళ ట్యాంకు వచ్చిన డబ్బుకి తగ్గట్టు సన్నాయి వాయిస్తుంది. మాది దగ్గినట్టు రెండు ముక్కలు వాయించి ఊరుకుంటుంది. పక్కింటి ప్రవల్లికది మాత్రం పెళ్ళివారి మేళంలా వీధంతా వినేదాకా ఆగదు. వాళ్ళ డాబాకి ఎండ ఎక్కువ. ఎండ కూడా మొహం చూసి బొట్టు పెడుతుంది!

ఓర్చుకోలేకపోయాను. వాళ్ళ సోలారు పలకల మీద నీడ పడేలా మా పిట్టగోడ వారన తీగ కట్టి, నా ముతకచీర ఆరేశాను. నెలంతా ఉతికిన చీరనే రోజూ మళ్ళీ తడిపి ఆరేశాను.

నెలాఖరున వాళ్ళ ట్యాంకు సన్నాయితోపాటు డోలు కూడా అందుకుంది. కాసేపటికి ప్రవల్లిక పూతరేకులు పట్టుకొచ్చింది.

"నోరు తీపి చేసుకోండి పిన్నిగారూ! పక్కింటి నీడ పడితే నష్టపరిహారం కింద రెట్టింపు ఇస్తారంటండీ. అంతా మీ చీర పుణ్యమే!"

పూతరేకు కొరక్కుండానే పక్కన పెట్టేశాను. ఆవిడ గుమ్మం దాటుతూ వెనక్కి తిరిగింది.

"ఇంకో చీరుంటే అదీ ఆరెయ్యండే!"

మర్నాటినుంచి మా బట్టలు వంటింట్లో ఆరుతున్నాయి. ఇల్లంతా తడిబట్టల ముక్కవాసన. ఆ వాసనైనా భరిస్తాను గానీ, ఆ డోలు భరించలేను.