ఇరుసు చప్పుడు

"ఆ పిన్ను ఊడదీశావంటే నా ఉసురు తగిలిద్ది ఫరీదూ!"

ఎత్తిన సుత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. మెకానిక్ ఫరీద్ పాత లోడరు కిందనుంచి తల బయటికి పెట్టి చూశాడు. రత్తమ్మ కాళ్లకు చెప్పులైనా లేకుండా షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. వెనకాలే ఆమె కొడుకు శివనాగరాజు తల పట్టుకొని వస్తున్నాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా. ఇంటికి పోవే."

"నువ్వు నోర్ముయ్‌రా. మీ నాయన వచ్చే దారి మూసేద్దామని చూస్తన్నావు!"

ఫరీద్‌కు సంగతి తెలుసు. పిడుగురాళ్లలో తెలియనిదెవరికి? పోయినేడు క్వారీలో ఈ లోడరు సీట్లోనే గుండె పట్టుకొని ఒరిగిపోయాడు రత్తమ్మ మొగుడు కోటిలింగం. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. పొద్దుగూకి బండి ఇంటిముందు మిట్ట ఎక్కుతుంటే ముందు ఇరుసు 'కీచ్... టక్, కీచ్... టక్' అంటుంది. అది వినపడితే చాలు, రత్తమ్మ లేచి తలుపు తీస్తుంది. "ఆయనొచ్చాడు" అంటుంది. కంచంలో అన్నం వడ్డిస్తుంది. ఎవరెన్ని చెప్పినా ఆమె మాట ఆమెదే.

"ఇట్రా పిన్నీ, నువ్వే చూడు," అన్నాడు ఫరీద్. "ముందు ఇరుసు మొత్తం ఈ పిన్ను మీదే ఊగుద్ది. సగానికి సగం అరిగిపోయింది. దాని చుట్టూ ఉండే బుష్షులైతే పేరుకే ఉన్నయ్యి. రాళ్ల బరువుతో క్వారీలోకి దిగేటప్పుడు ఇది పుటుక్కుమందంటే బండి బోల్తానే. నీకు మొగుడి చప్పుడు కావాలా, కొడుకు కావాలా?"

అనేశాక తన నోటిని తనే తిట్టుకున్నాడు.

రత్తమ్మ అక్కడున్న పాత టైరు మీద కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. "కొడుకే కావాలి. చేసెయ్యి. కాకపోతే ఒక్క మాట చెప్పు ఫరీదూ. ఆ సప్పుడు రాకపోతే ఆయనొచ్చాడని నాకెట్టా తెలుసుద్ది? తలుపెవరు తీస్తారు?"

కొడుకు ఆమెను చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు.

ఫరీద్ పనిలో పడ్డాడు. అరిగిన పిన్నుకు వెల్డింగుతో కండ పట్టించి, లేతు మిషను మీద నున్నగా తీయించాడు. కొత్త బుష్షులు దిగ్గొట్టాడు. గ్రీజు నింపి బండిని గుంటల్లో తిప్పి చూశాడు. చప్పుడనేదే లేదు. ఇంకోరోజైతే మీసం మెలేసేవాడే. ఇప్పుడు మాత్రం ఆ నిశ్శబ్దం అతని గుండెల మీద కూర్చుంది. పోయినోడి మొహాన తలుపేసింది నేనేనా యా అల్లా, అనుకున్నాడు.

ఇంక ఉండబట్టలేకపోయాడు. ఇరుసు ఊగినప్పుడల్లా ఒరుసుకొనేలా పక్కన ఓ ఇనుప ముక్క బిగించాడు. దానివల్ల బండికి లాభమూ లేదు, నష్టమూ లేదు. బళ్ల చప్పుళ్లు పోగొట్టి బతికేవాడు చేతులారా చప్పుడు పెట్టడమేంటి, నలుగురికీ తెలిస్తే నవ్విపోరూ! నవ్వితే నవ్వారులే అనుకొని బండి కదిలించాడు.

కీచ్... టక్. కీచ్... టక్.

అప్పుడే వచ్చిన శివనాగరాజు గతుక్కుమన్నాడు. "ఇదేంది ఫరీద్ భాయ్, ఇంకా పోలా?"

"పిన్ను నీది. ఇంక నూరేళ్లు ఢోకా లేదు. చప్పుడు మాత్రం మీ అమ్మది. పో, ఇంటికి తోలుకుపో."

కుర్రాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బండెక్కి వెళ్లాడు.

తెల్లారి షెడ్డు తెరిచేసరికే రత్తమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఫరీద్ మొహం చేటంతయింది.

"ఏం పిన్నీ, నిన్న చప్పుడు వినపడిందా?"

"వినపడింది బాబూ. నాకోసం పెట్టావంటగా, నాగరాజు చెప్పాడు. నీ కడుపు చల్లగుండ." ఆమె కళ్లు నిద్రలేక పీక్కుపోయి ఉన్నాయి. రోడ్డు వంక ఓసారి చూసి గొంతు తగ్గించింది. "దాన్ని తీసెయ్యి ఫరీదూ. ఇయ్యాలే తీసెయ్యి."

"అదేంది పిన్నీ! అచ్చం అట్టాగే కుదిర్చాను గదా?"

"అచ్చం అట్టాగే ఉంది. చిక్కంతా అదే. మావాడు బండేసుకొని మిట్టెక్కేసరికి ఆయన అప్పటికే ఏ సప్పుడూ లేకుండా వచ్చి సగం అన్నం తిన్నాడు. ఆ సప్పుడు వినపడంగానే కంచంలో చెయ్యి ఆపేసి, 'నేనింట్లోనే ఉన్నా గదే, మరి నా బండేసుకొని వచ్చేదెవరే?' అని తెల్లార్లూ అడుగుతానే ఉన్నాడు."