బిగించి కుట్టిన సంచి

నా మొగుడు ఓస్తాప్ వంటబల్ల మీద రెండు సంచులు పెట్టాడు. నడుముకు కట్టుకుని, తూటాలు నింపిన తుపాకీ మ్యాగజైన్లు పెట్టుకునే సంచులవి. ఒకటి సైన్యం ఇచ్చిన మూత సంచి, రెండోది మూత లేకుండా ఎలాస్టిక్‌తో నేను కుట్టినది.

"సెకన్లు లెక్కపెట్టు పిల్లా" అన్నాడు.

తనకు మూత సంచిలోంచి ఎడమచేత్తో ఖాళీ మ్యాగజైన్ లాగడానికి మూడు సెకన్లు పట్టింది. నా సంచిలోంచి లాగడానికి ఏడు.

"అచ్చం మీ అమ్మ పట్టే! ఓ పట్టాన వదలదు" అని నవ్వి, గాయం మానిన ఎడమచేతి వేళ్ళ వంక చూసుకున్నాడు.

నేను తల ఎత్తలేదు. ఎలాస్టిక్‌ను కావాలనే బిగించి కుట్టాను. చేయి పనికిరాదని తనకే తోస్తే మళ్ళీ యుద్ధానికి పోడని నా ఆశ.

తను మ్యాగజైన్లు మళ్ళీ లోపల పెట్టి, రెండు సంచులనూ తలకిందులు చేసి విదిలించాడు. మూత తెరుచుకుని, సైన్యం సంచిలోని మ్యాగజైన్ ఊడి నేల మీద పడింది. నాది కదల్లేదు.

"సంచి బంగారం. తప్పు నా వేళ్ళది. ఇక నేను వెళ్ళను" అన్నాడు.

నా గుండె తేలికపడింది.

వీధిలో కారు హారన్ మోగింది. ఖార్కివ్ దాటి యుద్ధరంగానికి వెళుతున్న అతని స్నేహితుడు నజార్ వచ్చాడు.

"ఇది వాడికిస్తా. వాడి వేళ్ళకేం, ఉక్కుముక్కలు! నీ చేతి కుట్టంటే మురిసిపోతాడు" అంటూ ఓస్తాప్ నా సంచి తీసుకున్నాడు.

నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"అది ఇటివ్వు, కుట్టు విప్పాలి. కావాలనే బిగించాను. నీ వేళ్ళ తప్పేమీ లేదు."

తను నన్ను తిట్టలేదు. ఎడమచేతి వేళ్ళను మెల్లగా ముడిచి, చాచి చూసుకున్నాడు.