జీపుకు ఇనుప పైపు

"ఇంగా ఎత్తు, లూదియా! బోల్టు బెజ్జంలోకి పోల్యా."

"చంకలో బిడ్డను పెట్టుకోని ఎంతసేపని ఎత్తేదయ్యా? పొద్దున్నుంచి ఇదే పాట!"

విల్లులా వంచిన ఇనుప పైపును టాపు లేని జీపులో బిగించడానికి కృపావరం నానా తంటాలు పడుతున్నాడు. పోయిన నెల ఆళ్లగడ్డ దారిలో ఒక జీపు పల్టీ కొట్టి ముగ్గురు పోయారు. బోల్తా పడినా తలలు నలగకుండా అడ్డంగా పైపు వేయమని అప్పటినుంచి మొగుణ్ణి పోరింది లూదియానే.

ఆఖరికి బోల్టు బిగిసింది. కృపావరం పైపును ఊపి చూసి మురిసిపోయాడు.

"ఏనుగు ఊగినా కదల్దు. ఇంగ నంద్యాల ట్రిప్పుకు ఎనకల ఇంకో ఆరుమంది దీన్ని పట్టుకోని నిలబడొచ్చు!"

లూదియాకు ఒళ్లు మండిపోయింది. బిడ్డతో సహా జీపెక్కి, ఒంటిచేత్తో పైపు పట్టుకుని నిలబడింది.

"అట్లనా? ముందు మమ్మల్ని ఇట్లనే నంద్యాలకు పిల్చుకోని పో."

"బిడ్డనెత్తుకోని నిలబడతావా? ఒక గుంతలో దిగితే చాలు, ఇద్దరూ ఎగిరి పడతారు. దిగు!" అని అరిచాడు కృపావరం.

ఆమె దిగలేదు. పైపు వదల్లేదు.

కృపావరం పైపు మీది ఆ చేతివంక చూశాడు.

"సరేలే... ఒక్కర్ని గూడా నిలబెట్టను. దిగు," అన్నాడు, ఈసారి అరవకుండా.