శుభ్ లాభ్

తలుపు తీయగానే గుప్పుమన్న కంపుకు నరహరి ముక్కు మూసుకోబోయాడు. టవల్ వేసుకున్న కుడిచెయ్యి పైకి లేవలేదు. హవల్దారు సందు లేకుండా పక్కనే అంటుకుని నిలబడ్డాడు. నోటినిండా మావా పొగాకు. ఆ కంపు వేరే.

"ఇది సర్వర్ రూమా, పెంటకుప్పా?" అన్నాడు నరహరి.

సూరత్ పాండేసరాలో చీరలకు ప్రింట్ వేసే మిల్లు అది. దీపావళికని దాచిన డిజైన్లన్నీ ఎవరో ఎత్తుకుపోయారు. ఇక్కడ బట్ట మీదికి ఎక్కకముందే పోటీవాడి దుకాణంలో వేలాడాయి. అదెలా జరిగిందో చూపించడానికి ఇన్‌స్పెక్టర్ నరహరిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ సంగతి అతనికన్నా తెలిసినవాడు సూరత్‌లో లేడు.

మిల్లు యజమాని రాంప్రసాద్ సేఠ్ ఇన్‌స్పెక్టర్‌కు కుర్చీ వేయించాడు. నరహరికి వేయించలేదు.

ఇనుప బీరువాలో ఉన్నది ఒక్కటే పెద్ద యంత్రం. దాని కడుపులో కంటికి కనపడని కంప్యూటర్లు బోలెడు. డిజైన్లకొకటి, హాజరుకొకటి, రంగుల పాళ్లకొకటి. పెద్దదాని తాళం దొరికితే లోపలి కాపురాలన్నీ దొరికినట్టే. అలాంటి యంత్రం పక్కన, ఏసీ చల్లదనానికి దాచుకున్న మజ్జిగ ప్యాకెట్లు. ఒకటి పగిలి పులిసింది. కింద గాఠియా తిన్న నూనె కాగితాలు. దసరా పూజలో కొట్టిన కొబ్బరికాయ నీళ్లు బీరువా అంచున బంకలా ఎండిపోయాయి. వాటికి చీమలు.

మూలన వినోద నిలబడి ఉంది. డిజైన్ సెక్షన్‌లో పనిచేసే పిల్ల. పెద్ద యంత్రం పాస్‌వర్డ్ తనకూ ఆమెకూ తప్ప మూడో మనిషికి తెలియదని సేఠ్ పోలీసులకు చెప్పాడు. అంటే ఆమే ఎవరికో అమ్ముకుందని. ఇవాళ తేలకపోతే రేపు లాకప్పే.

ఆమె తండ్రి సదానందం బమ్రోలిలో సాంచ మీద బట్ట నేస్తాడు. నరహరి నోట తెలుగు మాట వినగానే ముందుకొచ్చాడు.

"అన్నా, జర నిజం చెప్పు. నా బిడ్డ బతుకు నీ నోట్ల ఉన్నది."

"ఈయనకేం మొక్కుతవ్ బాపూ! చల్, ఇటు రా," వినోద కసిరింది. నరహరిని పురుగును చూసినట్టు చూసింది.

ఇన్‌స్పెక్టర్‌కు ఫోనొచ్చింది. బయటికి వెళ్లాడు. సేఠ్ నరహరి చెవి దగ్గరికి వంగాడు.

"పిల్ల పేరు చెప్పేయ్. మిల్లు పరువు నిలుస్తుంది. నీ ఇంటివాళ్లకు ఏ లోటూ లేకుండా నేను చూసుకుంటా."

హవల్దారు ఏమీ విననట్టు, ఉమ్మడానికి మూల వెతుక్కుంటున్నాడు.

నరహరి సేఠ్‌నూ వినోదనూ మార్చి మార్చి చూశాడు.

ఇన్‌స్పెక్టర్ తిరిగొచ్చాడు. "మొదలుపెట్టు."

నరహరి హిందీలో అందుకున్నాడు గానీ, ఒళ్లు మండేసరికి తెలుగులోకి జారాడు.

"దసరా నాడు మిషన్లకు పూజ అని మెయిన్ బంద్ చేస్తరు. కరెంట్ పోతే ఈ తలుపు తాళం దానంతటదే ఊడుతది. కెమెరాలు పండుకుంటయి. సర్వర్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తనే ఉంటది. మంది అంత హారతి కాడ. చేతిల కొబ్బరికాయ పట్టుకొని వస్తే ఎవడు ఆపుతడు? జై మాతాజీ అని దారిస్తరు."

వినోద అంతా హిందీలోకి మార్చి చెప్పింది.

"మరి పాస్‌వర్డ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నరహరి గడ్డంతో బీరువా తలుపు చూపించాడు. దాని మీద కుంకుమతో రెండు మాటలు. శుభ్ లాభ్.

సేఠ్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కొట్టి చూపించు."

నరహరి ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతికి కొట్టాడు. తెర తెరుచుకుంది.

"థూ!" అన్నాడు. "దీనికి ఆ పిల్ల చెప్పాల్నా? మీరే తలుపు మీద రాసి, బొట్టు పెట్టి, హారతి పట్టిండ్రు గదా!"

"పండిట్‌జీ ముహూర్తం చూసి పెట్టించిన పాస్‌వర్డ్ అది," సేఠ్ గొణిగాడు. "మారిస్తే లక్ష్మి వెళ్లిపోతుందని..."

"బద్లాయించాలని ఎన్నిసార్లు మొత్తుకున్న సేఠ్‌జీ!" వినోద అరిచింది. "అపశకునం మాటలు మాట్లాడకు అన్నరు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచాడు. "నువ్వు ఇంటికెళ్లు బేటీ. నీ పని లేదిక్కడ."

సదానందం గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. నరహరి వైపు చేతులు జోడించాడు. నరహరి ఆ దండం తీసుకోలేదు. అతని చూపు సేఠ్ మీదే ఉంది.

"తన పెంట తీసి ఆడపిల్ల మొహానికి పూసెటోడు... మళ్ల మాతాజీ పూజలు జేస్తడు!"

పులిసిన మజ్జిగ మీద ఉమ్మేశాడు.

హవల్దారు టవల్ లాగేసి, తన మణికట్టుకూ నరహరి మణికట్టుకూ కలిపి వేసిన బేడీని ఒకసారి గుంజి చూసుకుని, డిజైన్ల దొంగను జీపు వైపు నడిపించాడు.