నూకలు పోసిన చోటు

"తాతా, జర పక్కకు జరుగు. నీ నీడ జల్లెడ మీద పడ్తాంది" అంది శ్రావణి తలెత్తకుండానే.

నీడ పక్కకు జరిగింది. మనిషి మాత్రం పోలేదు.

"ఏం దేవులాడుతాన్రు బిడ్డా?"

"సొరచేప పండ్లు" అన్నాడు వినయ్. శ్రావణితోపాటే రీసెర్చ్ చేస్తున్నవాడు. ముసలాయన నవ్వుతాడేమోనని చూశాడు.

ముసలాయన నవ్వలేదు. "ఏ కాలేజి?"

"హనుమకొండ."

"మంచిది. జల్లెడల దొరకయి. చీమల నడుగున్రి."

"చీమలు పీహెచ్‌డీ చేసినయా తాతా?"

అనేసి వినయ్ పగలబడి నవ్వాడు. శ్రావణికీ నవ్వొచ్చింది గానీ చేతిలో పని ఆపలేదు.

కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి మంచినీళ్లలో చిన్న సొరచేపలు తిరిగాయి. వాటి పళ్లు రాయిగా మారి గోదావరి ఒడ్డు ఎర్రమట్టిలో దాక్కున్నాయి. ఒక్కోటి నువ్వుగింజంత. అలాంటివి పదకొండు, డిపార్టుమెంటు బీరువాలో ఒక గాజుసీసాలో ఉన్నాయి. దాని మీద పాత చీటీ: 'గోదావరి ఒడ్డు. ఏరినది: వి.ఆర్.' అంతే.

ఆ వి.ఆర్. ఎవరో గానీ కళ్లున్న మనిషి అనుకునేది శ్రావణి. వరండా గోడ మీది ప్రొఫెసర్ల ఫొటోల్లో ఆ పేరు కోసం ఎన్నిసార్లు వెతికిందో. ఆయన తరవాత ఎవరికీ ఒక్క పన్నూ దొరకలేదు.

"ఈసారి గూడ వట్టి చేతులతోటి వస్తే టాపిక్ మార్చుడే" అని గైడ్ సుభాషిణి మేడం ఖరాఖండిగా చెప్పేసింది. అంటే నాలుగేళ్ల పని ఇసుకలో పోసినట్టే. ఇవాళ మూడో రోజు. ఆఖరి రోజు.

అయినా శ్రావణికి బెదురు లేదు. దొరుకుతాయి. దొరికి తీరాలి.

ముసలాయన కొంచెం అవతల, చీమల కలుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. కలుగు చుట్టూ చీమలు సన్నరాళ్లు తెచ్చి గుండ్రంగా కుప్ప పోసుకున్నాయి. ఆయన రుమాలు మూట విప్పి పిడికెడు నూకలు చల్లాడు.

"చీమలకెందుకు తాతా నూకలు? పుణ్యమా?" అని అరిచాడు వినయ్.

"పుణ్యం కాదు బిడ్డా, కూలి."

మళ్లీ నవ్వు.

ఆయన ముక్కు నేలకు తగిలేలా వంగి, ఏదో ఏరి, అరచేతిలో ఆడించి, కళ్లు నులుముకున్నాడు. లేచి శ్రావణి దగ్గరికి వచ్చాడు.

"నీ కండ్లు మంచిగున్నయా బిడ్డా?"

"నాకేం తాతా, మస్తున్నయ్."

"నాయి మసకైనయ్. జర ఇటు రా, ఒకటి చూపిస్త."

"పనుంది తాతా. తర్వాత వస్త."

ఆయన తల ఊపి, మొహం కడుక్కోవడానికి నది వైపు నడిచాడు.

మధ్యాహ్నమైంది. అన్నం తినడానికి పట్టా పరుద్దామంటే చదునైన చోటు చీమల కలుగున్నదొక్కటే. చీమలు కాళ్లకెక్కి కుట్టాయి. వినయ్ పార తీసుకుని నాలుగు దెబ్బల్లో కలుగు మీది కుప్పంతా చదును చేసి, దాని మీద పట్టా పరిచేశాడు.

తిరిగొచ్చిన ముసలాయన పట్టాను చూసి ఆగిపోయాడు.

"అయ్యో, ఏడాది పని బిడ్డా!"

"చీమలే కద తాతా. మళ్ల కట్టుకుంటయ్" అన్నాడు వినయ్.

"అవి కట్టుకుంటయ్. అప్పటిదాంక నాకే కండ్లుండయి."

శ్రావణికి పాపమనిపించింది. "తాతా, ఇంత పులిహోర తిని పో."

"బస్సుకు యాళ్లయింది బిడ్డా." మిగిలిన నూకలు పట్టా అంచున ఒలకబోసి, రుమాలు దులిపి భుజాన వేసుకుని పోయాడు. కోపం లేదు. వెనక్కి తిరిగి చూడనూ లేదు.

మధ్యాహ్నమంతా జల్లెడల్లో ఇసుక తప్ప ఏమీ లేదు.

ఎండ వాలాక పట్టా ఎత్తారు. చీమలు అప్పుడే కలుగు బాగు చేసుకుంటున్నాయి. లోపలి నుంచి ఒక్కో రాయిముక్క తెచ్చి బయట పెడుతున్నాయి. ఒక చీమ నోట్లో ముక్క నల్లగా తళుక్కుమంది.

శ్రావణి మోకాళ్ల మీద కూలబడి భూతద్దం పెట్టింది.

పన్ను.

చదును చేసిన మట్టినంతా చేత్తో వెతికింది. ఇంకో ఆరు. ఆరూ పార దెబ్బకు, తొక్కుడుకు ముక్కలైనవే.

"వినయ్, తాత ఏడి?"

"రెండున్నర బస్సుకే పోయె గద."

మర్నాడు హనుమకొండలో సుభాషిణి మేడం ఆ ఒక్క పన్నును చాలాసేపు చూసింది.

"టాపిక్ మార్చే పన్లేదు. ఎక్కడ దొరికింది?"

"చీమల కలుగు కాడ మేడం. అక్కడొక తాత..."

"నూకలు పోసిండా?"

"మీకెట్ల తెలుసు?"

మేడం కుర్చీలో వెనక్కి వాలింది.

"మేం చదువుకునేటప్పుడు ప్రతి టూరుకు మాతోటి వచ్చేటోడు. మేమంత జల్లెడలు పడుతుంటే, ఆయన చీమల కాడ కూసునేటోడు. మస్తు నవ్వేటోళ్లం. ఆ సీసా తెచ్చి టేబుల్ మీద పెట్టిననాడు ఎవ్వలం నవ్వలే. కానీ చీటీ మీద పూర్తి పేరు రాస్తే బాగుండదన్నడు మా పెద్ద సారు."

"ఎవరు మేడం ఆయన?"

మేడం కిటికీలోంచి వరండా వైపు చూపించింది.

నాలుగేళ్లుగా శ్రావణి ఆ గోడ మీది ఫొటోల్లో వెతికిన వి.ఆర్., ఆ ఫొటోల కిందే స్టూలు వేసుకుని ముప్ఫై ఏళ్లు గంట కొట్టి రిటైరైన అటెండర్ వెంకట్రాజం.